"వుయ్" అను చిన్న మాట: మేమా, మనమా?

చదువవలసిన భాగములు: దానియేలు 9:3-19, మత్తయి 6:9-13, మార్కు 4:35-41, లూకా 7:1-10, యోహాను 4:1-26, 1 యోహాను 1వ అధ్యాయము.

ఇంగ్లీషు చదువ మొదలుపెట్టిన పిల్లవానికి మొదటి వారములోనే వచ్చు మాటలలో "వుయ్" అనునది ఒకటి. దానికి అర్థమేమని అడిగినయెడల ఒక పిల్లవాడు "మేము" అనును, ప్రక్కనున్నవాడు "మనము" అనును. ఉపాధ్యాయుడు రెండును సరియే అని తరువాతి మాటకు పోవును. రెండును ఎట్లు సరియగునని అడుగువారు అరుదు. ఈ మాసపు పాఠములో మనము అక్కడనే కొంచెము ఆగుదము. అయితే మన పాఠశాలలో కాదు, సముద్రమునకు ఆవల ఫిలిప్పీను దీవులలో ఆగుదము. అక్కడి తగాలోగు భాషవారికి ఇది నాలుగు వందల ఏండ్లకు పైబడిన చిక్కు. మొదట స్పెయినువారి భాషతోను, తరువాత అమెరికావారి ఇంగ్లీషుతోను వారు దీనిని ఎదుర్కొనుచు వచ్చిరి. వారి భాషలో నుండి ఈ మాటను చూచినప్పుడు, బైబిలులో మనము గమనింపక దాటిపోవు కొన్ని వచనములు క్రొత్తగా కనబడును.

తగాలోగు లూజోను ద్వీపములో మనీలా నగరమునందును దాని చుట్టునున్న ప్రాంతములయందును పెరిగిన భాష. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మానుయేల్ కేసోన్ దానిని జాతీయభాషకు ఆధారముగా ప్రకటించెను. ఆ జాతీయభాషకు 1959లో పిలిపీనో అనియు, 1987 రాజ్యాంగములో ఫిలిపీనో అనియు పేరు పెట్టిరి. దానితోపాటు ఇంగ్లీషు కూడ అధికారభాషయే. 1901లో "థామస్" అను సైనిక నౌకమీద సుమారు 500 మంది అమెరికా ఉపాధ్యాయులు మనీలాలో దిగిరి. ఆ కాలమునుండి అక్కడి పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చుచున్నారు. కుటుంబమును బట్టి చూచినయెడల తగాలోగు మలయభాషకు చుట్టము, తెలుగునకు ఏమియు కాదు. గురువును వారు "గురో" అందురు గాని అది సంస్కృతమునుండి ఓడలమీద ప్రయాణము చేసి చేరిన మాట. ఇట్లు ఏ రక్తసంబంధమును లేని ఈ రెండు భాషలు ఒక్క విషయములో మాత్రము అన్నదమ్ములవలె నున్నవి.

"మేము" అనుటకు తగాలోగులో "కమీ" అందురు. "మనము" అనుటకు "తాయో" అందురు. మాటలాడువాడును వాని వారును మాత్రమే లోపల నుండి, వినువాడు బయట నున్నయెడల కమీ. వినువానిని కూడ కలుపుకొన్నయెడల తాయో. "మా" అనుటకు నామిన్, "మన" అనుటకు నాతిన్; పేరుకు ముందు పెట్టునప్పుడు ఇవే ఆమిన్, ఆతిన్ అగును. (ఈ ఆమిన్ అను మాటకును మన ఆమేనుకును సంబంధము లేదు. అట్లే తాయో అను మాటను చివర నొక్కి పలికినయెడల "నిలుచుట" అను వేరొక అర్థము వచ్చును.) "మా వైపున, మా ఊళ్లో" అనుటకు "సా ఆమిన్" అందురు. పల్లె విడిచి పట్టణమునకు వచ్చిన తగాలోగువాడు "సా ఆమిన్" అని మొదలుపెట్టెనా, తన ఊరి సంగతులు చెప్పబోవుచున్నాడని ప్రక్కవారికి తెలిసిపోవును. "మా ఊళ్లో అయితేనా" అని ఎత్తుకొను మనవానికిని వానికిని భేదమేమున్నది?

ఇంగ్లీషులో వీటన్నిటికిని వుయ్, అస్, అవర్ అను ఒకే వరుస. హిందీలోని "హమ్" అంతే. నేటి కన్నడములోని "నావు" అంతే. తమిళ మలయాళములవారును, ఉత్తరమున మరాఠీ గుజరాతీలవారును మనవలెనే రెండింటిని విడివిడిగా ఉంచుకొనిరి.

ఈ భేదము వ్యాకరణ పండితులకే గాని సామాన్యులకు పట్టదని తలంచవద్దు. అది భోజనపు బల్లయొద్దనే కనబడును. ఫిలిప్పీనువారు తినుచుండగా ఎవరైనను ఆ దారిని వచ్చినయెడల "కాయిన్ తాయో" అని పిలుచుట వారి మర్యాద. "రండి, తిందము" అనినట్లు. పిలువబడినవాడు ఇప్పుడే తింటినని నవ్వి సాగిపోవచ్చును. పిలువకుండుట మాత్రము బాగుండదు. ఆ పిలుపంతయు తాయో అను మాటలోనే యున్నది. అక్కడ కమీ అనినయెడల "మేము తినుచున్నాము" అను సమాచారము మాత్రమే మిగిలి, వాకిలి మూయబడును. ఇప్పుడొక ఇంగ్లీషువాడు "వుయ్ భోజనమునకు పోవుచున్నాము" అని తన ప్రక్క గదిలోని తగాలోగువానితో చెప్పెననుకొనుడి. వాడు లేచి వెంట రావలెనా, కూర్చుండవలెనా? ఇంగ్లీషువాడు చూపుతోను స్వరముతోను తెలియజేయుదానిని తగాలోగువాడు మాటలోనే పెట్టును, మాటలోనే వెదకును. మాటలో దొరకనప్పుడు ఊహింపవలసి వచ్చును. పిలువని విందునకు పోయిన సిగ్గు ఒక ప్రక్క, పిలిచిన విందునకు పోని తప్పు ఇంకొక ప్రక్క.

నేడు ఫిలిప్పీను నర్సులు అమెరికాలోను బ్రిటనులోను గల్ఫు దేశములలోను ఎందరో పనిచేయుచున్నారు. గల్ఫులో వారి ప్రక్కనే మన తెలుగువారును పనిచేయుచున్నారు. వైద్యుడు "ఈ మందు వుయ్ ఆపుదుము" అనినయెడల ఆ వుయ్‌లో నర్సు ఉన్నదా? వైద్యులు తమలో తాము నిర్ణయించుకొన్న సంగతి చెప్పుచున్నారా, లేక ఆమెను కూడ కలుపుకొని పని ఒప్పగించుచున్నారా? అదే వైద్యుడు రోగి మంచమునొద్దకు పోయి, "ఈ ఉదయము వుయ్ ఎట్లున్నాము?" అనును. అక్కడ వుయ్ అనగా నీవు. పత్రికా సంపాదకుడు వ్రాయు వుయ్ తరచుగా "నేను". రాజుల ప్రకటనలలోనిదియు అంతే. "నిద్రలో వుయ్ కలలు కందుము" అనునప్పుడు అది మనుష్యజాతి యంతయు. ఒక్క మాటకు ఇన్ని ముఖములు!

తగాలోగులోను "నీవు" అనుటకు బదులుగా "మనము" అను వాడుక లేకపోలేదు. దుకాణములో అమ్మువారు వచ్చినవారిని "ఏమి వెదకుచున్నాము?" అని నాతిన్ పెట్టి అడుగుదురు. మన పంతులుగారు "ఏమోయ్, మనము పాఠము చదువలేదా?" అనుట వంటిదే. కాని అక్కడ పనికి వచ్చునది ఎల్లప్పుడు "మన" వరుసయే, "మా" వరుస కాదు. మెత్తదనము కలుపుకొనుటలో నుండి వచ్చుచున్నది.

పూర్వపు తగాలోగులో ఇంతకంటె సన్నని మాటయు ఒకటి యుండెను. "మనమిద్దరమే, నీవును నేనును" అనుటకు కితా, కతా అనెడివారు. ఆ అర్థము నేటి వాడుకలో చాలవరకు అణగిపోయినది గాని కితా అను మాట ఒకచోట సజీవముగా నిలిచినది. "నేను నిన్ను" అను రెండింటిని కలిపి ఒక్క మాటగా పలుకుటకు దానిని ఉపయోగింతురు. "మహాల్ కితా" అనగా నేను నిన్ను ప్రేమించుచున్నాను. మహాల్ అనగా ప్రియమైనది. వెల ఎక్కువైన వస్తువును కూడ మహాల్ అనియే అందురు. సంస్కృతమందలి "మహార్ఘ" శబ్దము మలయభాషద్వారా అక్కడికి చేరినదని పండితులు చెప్పుదురు. ఇంగ్లీషులో "ఐ" అని ఒకచోటను "యూ" అని ఇంకొకచోటను దూరముగా నుంచిన ఇద్దరు తగాలోగులో ఒక చిన్న మాటలో కూర్చుండిరి. భాషలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా ధనవంతములు.

రాజ్యాంగములను గూర్చి ఒక మాట. 1987 ఫిలిప్పీను రాజ్యాంగపు పీఠిక ఇంగ్లీషులో వుయ్ అని మొదలగును. ఫిలిపీనో ప్రతిలో దాని మొదటి మాట కమీ. మన భారత రాజ్యాంగపు పీఠికకును తెలుగులో "మేము" అనియే యున్నది. దేశప్రజలందరును కలిసి చెప్పుకొను మాటయే గదా, "మనము" అని యెందుకు లేదు? వినుచున్నది ప్రజలు కారు, లోకమని ఒకరు చెప్పవచ్చును. ఫిలిప్పీను పీఠికలో దేవుని సహాయము వేడుకొను మాట యున్నది గనుక అక్కడ కమీ మరి సహజముగా నున్నదని నాకు తోచుచున్నది. దేవుని యెదుట నిలిచి తాయో అనుట కుదరదు. ఎందుకు కుదరదో చూతము.

1593లో మనీలాలో "దోక్త్రినా క్రిస్తియానా" అను ఉపదేశ గ్రంథము అచ్చయ్యెను. ఫిలిప్పీనులో అచ్చయిన తొలి గ్రంథములలో అది లెక్కింపబడుచున్నది. స్పానిషుతోపాటు తగాలోగును రోమను లిపిలోను, ఆ ప్రజల ప్రాచీనమైన బైబాయిన్ లిపిలోను అందులో ముద్రించిరి. ప్రభువు నేర్పిన ప్రార్థన అందులో "ఆమా నామిన్" అని మొదలగును. ఆమా అనగా తండ్రి. నామిన్ అనగా మా. నేటికిని తగాలోగువారు ఆ ప్రార్థనను ఆ పేరుతోనే పిలుచుదురు. ఆ గ్రంథమును సిద్ధపరచిన స్పెయిను సన్యాసుల భాషలో గాని, వారు పూజలో వాడిన లాటినులో గాని "మా"కును "మన"కును భేదము లేదు. ఎక్కడ నామిన్ పెట్టవలెనో, ఎక్కడ నాతిన్ పెట్టవలెనో వారికి నేర్పగలిగినది తగాలోగు మాటలాడు ప్రజలే. ఈ సందర్భమున తోమాస్ పిన్‌పిన్ అను తగాలోగు ముద్రాపకుని తలంచుకొనవలెను. 1610లో ఫ్రాన్సిస్కో దె సాన్ హోసె అను సన్యాసి వ్రాసిన తగాలోగు వ్యాకరణమును బతాన్‌లో అచ్చువేసినవాడు అతడే. అదే సంవత్సరమున తనవారు స్పానిషు నేర్చుకొనుటకు తానే ఒక పుస్తకము వ్రాసి వెలువరించెను. దొరలు తగాలోగు నేర్చుటకొక పుస్తకము, తగాలోగువారు దొరల భాష నేర్చుటకొక పుస్తకము, రెండును ఒకే మనుష్యుని చేతిమీదుగా వెలువడెను.

"ఆమా నామిన్" అనుటలో నామిన్ ఎందుకు? ప్రార్థనలో వినువాడు దేవుడు. నాతిన్ అనినయెడల వినుచున్న దేవునిని కూడ కలుపుకొని, "నీకును మాకును తండ్రియైనవాడా" అనినట్లగును. తరువాతి మనవులలో ఇది ఇంకను ఘోరమగును. ఋణములను క్షమించుమని అడుగునప్పుడు "మన ఋణములు" అనినయెడల దేవుడు కూడ ఋణస్థులలో నొకడగును. శోధనలోనికి తేవద్దను చోట "మనలను" అనినయెడల ఆయన కూడ శోధనకు భయపడువాడగును. తెలుగువారమైన మనకు ఈ సంగతి ఎవరును చెప్పలేదు. మూడేండ్ల బిడ్డ కూడ ప్రభువు ప్రార్థనలో "మా తండ్రీ" అనియే పలుకును. ఇంగ్లీషులో మాత్రమే చదువుకొన్నవానికి ఇక్కడొక గీత యున్నదని కూడ తెలియదు. ఫిలిప్పీనునకు వచ్చి తగాలోగు నేర్చుకొను విదేశీయ బోధకుడు ప్రార్థనలో తాయో అని పలికి, "మనమందరము పాపులము" అని దేవునితో చెప్పినయెడల సభలోనివారు తలలు వంచుకొని నవ్వు ఆపుకొందురు. వానికి మాత్రము తాను వినయముగా ప్రార్థించితిననియే తోచును.

మన సంఘములలో ఇంకొక విధమైన జారుపాటు వినవచ్చును. ఒక సహోదరుడు కన్నులు మూసికొని ప్రార్థించుచుండును. రెండు మూడు నిమిషములు "ప్రభువా, మేము" అని సాగి, మెల్లగా "మనము ఈ దినములలో ఒకరినొకరము ప్రేమింపవలెను" అను మాటలోనికి దిగును. ఆ "మనము" వినబడిన క్షణముననే చెవి కనిపెట్టును: ఇప్పుడు ఆయన మాటలాడుచున్నది దేవునితో కాదు, మనతో. ప్రార్థన ప్రసంగముగా మారినది. ఇంగ్లీషులో ప్రార్థించువాడు ఇట్లు మారినను మాట మారదు గనుక పట్టుబడడు. తెలుగులోను తగాలోగులోను భాషయే సాక్ష్యమిచ్చును. ఇది మన భాషయొక్క కష్టమని కొందరు తలంతురేమో గాని నేను దానిని కావలివాడని తలంచుచున్నాను.

ప్రసంగములో దీనికి తలక్రిందులుగా జరుగును. అక్కడ వినువారు సంఘస్థులు. "మనము పాపము చేసితిమి" అని బోధకుడు చెప్పినయెడల తాను కూడ ఆ బల్లమీద కూర్చుండినట్లు. "మేము" అనినయెడల ఒక పక్షము, "మీరు" అనినయెడల ఎదుటి పక్షము. దానియేలు 9వ అధ్యాయములోని ప్రార్థన చూడుడి. దానియేలు నిందింపదగిన తప్పేదియు ఆ గ్రంథములో మనకు కనబడదు. అయినను యూదులు చేసిన పాపములన్నిటిని ఒప్పుకొనునప్పుడు "వారు చేసిరి" అనలేదు, తనను కూడ వారితో చేర్చుకొనెను. హెబ్రీలో ఆ మాటకు రెండు రూపములు లేవు. తెలుగులోనికి వచ్చునప్పుడు అది "మేము" కావలెను: తన జనులు లోపల, తాను లోపల, దేవుడు మాత్రము బయట. ఒక్క మాటకు రెండు సరిహద్దులు!

పై ఉదాహరణలలో ఏ మాట పెట్టవలెనో స్పష్టమే. స్పష్టము కాని చోట్ల భాషాంతరము చేయువారు నిద్రలేని రాత్రులు గడుపుదురు. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకుభాషలో కూడ "మేము", "మనము" అను భేదము లేదు. 1905లో వెలువడిన తగాలోగు పూర్తి బైబిలువారును, 1980లో వెలువడిన "మగందాంగ్ బలితా" బైబిలువారును, మన తెలుగు బైబిలు సిద్ధపరచినవారును, మూలములో లేని నిర్ణయమును ప్రతి వచనమునందును తామే చేయవలసి వచ్చెను. తప్పించుకొను త్రోవ లేదు. ఇంగ్లీషులో వుయ్ అని వ్రాసి ఊరకుండవచ్చును. తగాలోగులో ఏదో ఒకటి వ్రాయకతప్పదు.

మార్కు 4వ అధ్యాయమందలి తుపాను చూడుడి. యేసు దోనె వెనుకభాగమున నిద్రించుచున్నాడు. శిష్యులు ఆయనను లేపి, నశించిపోవుచున్న సంగతి నీకు చింత లేదా అని అడిగిరి. నశించువారెవరు? కమీ అనినయెడల శిష్యులు మాత్రమే: "మేము చచ్చుచున్నాము, నీవు నిద్రించుచున్నావు" అను నిష్ఠురము అందులో నుండును. తాయో అనినయెడల ఆయన కూడ అదే దోనెలో, అదే నీటిలో మునుగువాడు: వారు ఆయనను తమవంటి మనుష్యునిగానే యెంచిరి. ఆయన ఎవరో వారు ఇంకను ఎరుగరని ఆ అధ్యాయపు చివరి వచనమే చెప్పుచున్నది గనుక తాయో అనుటకు బలమున్నది. ఆయనను లేపుటలోనే ఆయన ఏదో చేయగలడను ఆశ కనబడుచున్నది గనుక కమీ అనుటకును బలమున్నది. మత్తయి 8:25లో రక్షించుమను మనవి కూడ చేరినది. రక్షించువాడు వేరు, రక్షింపబడువారు వేరు గనుక అక్కడ కమీయే తగియున్నది. మార్కులో ఏది పెట్టవలెనని నన్నడిగినయెడల తాయో అందును. గాలివానలో భయపడినవాడు వ్యాకరణము చూచుకొనడు, దోనెలోనున్న తలలు లెక్కించుకొనును.

లూకా 7లో శతాధిపతి పక్షమున యూదుల పెద్దలు యేసునొద్దకు వచ్చిరి. ఆ రోమాధికారి "అవర్" జనమును ప్రేమించుచున్నాడనియు, "అస్" కొరకు సమాజమందిరము కట్టించెననియు చెప్పిరి. మొదటిది సులభము: యేసు యూదుడు గనుక "మన జనము", తగాలోగులో నాతిన్. రెండవదానిలో సందేహము. మందిరమున్నది కపెర్నహూములో. పెద్దలు ఆ ఊరివారు. యేసు నజరేతునందు పెరిగినను కపెర్నహూములో కాపురముండెనని మత్తయి 4:13 చెప్పుచున్నది. ఆయన ఆ ఊరివాడా, కాడా? "మాకు కట్టించెను" అని వ్రాసినయెడల ఆయన పొరుగూరివాడు; "మనకు" అని వ్రాసినయెడల ఆయన వారి ఊరివాడు. ఒక్క అక్షరముతో ఆయన చిరునామా మారిపోవును.

యోహాను 4వ అధ్యాయమునొద్ద ఎక్కువసేపు నిలువవలెను. సమరయ స్త్రీ యాకోబు బావియొద్ద ఒక యూదునితో మాటలాడుచున్నది. 12వ వచనములో యాకోబును తండ్రి అని పిలిచినది. ఎవరి తండ్రి? కమీ వరుసలో "మా తండ్రి" అనినయెడల, యాకోబు సమరయుల సొత్తు, నీవెవడవు అను ధిక్కారము. తాయో వరుసలో "మన తండ్రి" అనినయెడల, మీరు మమ్మును అన్యులుగా చూచినను నీవును నేనును ఒకే తాత బిడ్డలమే అను మనవి. యూదులు సమరయులతో సాంగత్యము చేయరని 9వ వచనములోనే చెప్పబడినది గనుక రెండవ మాట ఆమె నోట ఎంత ధైర్యమైన మాటయో ఆలోచించుడి. మీ తెలుగు బైబిలు తెరచి, ఆ వచనములో తండ్రికి ముందు ఏ మాట యున్నదో, బావి ఇచ్చుటకు ముందు ఏ మాట యున్నదో వ్రేలు పెట్టి చూడుడి.

20వ వచనములో సందేహము లేదు. ఈ కొండమీద ఆరాధించిన పితరులు ఆమె పితరులే, కమీ. వెంటనే "మీరు యెరూషలేమందురు" అని గీత గీసినది. 22వ వచనములో యేసు కూడ ఆ గీతకు అవతలనే నిలిచి యూదుల పక్షమున మాటలాడెను, అదియు కమీయే. ఆయన భేదమును దాచలేదు. తరువాత 25వ వచనము. మెస్సీయ వచ్చినప్పుడు సమస్తమును తెలియజేయునని ఆమె అనెను. ఎవరికి? ఇక్కడ మరల భాషాంతరము చేయువాని కలము ఆగును. "మాకు" అనినయెడల ఆమె ఇంకను తన కొండమీదనే యున్నది. "మనకు" అనినయెడల, తన్ను నీళ్లడిగిన ఈ యూదునిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మనకిద్దరికిని తెలియనిది ఆయన వచ్చి చెప్పునని ఎదురుచూచుచున్నది. గ్రీకు ఈ రెంటిలో దేనిని చెప్పలేదు. ఇంగ్లీషును చెప్పదు. తగాలోగులో చదువు స్త్రీకి మాత్రము ఆ స్త్రీ గీత దాటెనో లేదో ఒక్క మాటతో తెలియవలెను.

అయితే "మనము" అను మాట ఎల్లప్పుడు ప్రేమగలదియే అని తలంచుట పొరపాటు. తగాలోగులో "తాయో తాయో లాంగ్" అను వాడుక కలదు: మనము మనమే, బయటివారు వద్దు అని. తెలుగులో "మనలో మన మాట" అని చెవిలో చెప్పునప్పుడు ఎదుటివానిని లోపలికి చేర్చుకొనుచున్నాము, నిజమే. కాని అదే ఊపిరితో మూడవవానిని బయటికి నెట్టుచున్నాము. "మనవాళ్లు" అను మాట సంగతి చెప్పనక్కరలేదు. "వారు మనవాళ్లేనా?" అని పెండ్లి మాటలలో అడుగునప్పుడు క్రైస్తవులేనా అని అడుగుచున్నామా, కులము అడుగుచున్నామా? అడుగువానికి తెలియును, చెప్పువానికి తెలియును. ఒకే పాత్రలోనిది త్రాగి, ఒకే రొట్టె విరిచిన తరువాత ఆరాధనమందిరపు మెట్లు దిగకముందే ఆ మాట మారిపోవుట మన సంఘములలో క్రొత్త కాదు. బావియొద్దనున్న స్త్రీకి ఆ ప్రశ్న బాగుగా అర్థమయ్యెడిది.

పొరుగువాడు అనుటకు తగాలోగు బైబిలులో "కప్‌వా" అను మాట వాడిరి. తోటివాడు అని దాని అర్థము. వర్హీలియో ఎన్రీకెస్ అను ఫిలిప్పీను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ మాటను తన పరిశోధనకు కేంద్రముగా చేసికొనెను. "కప్‌వా" అనగా నాకు వెలుపలనున్న ఇంకొకడు కాదు, నేనును వాడును పంచుకొను ఒకే వ్యక్తిత్వము అని ఆయన వివరించెను. ఇంగ్లీషులో "నెయిబర్" అనగా ప్రక్కయింటివాడు, దూరమును బట్టి వచ్చిన మాట. మన "పొరుగువాడు" కూడ అట్టిదే. ఈ ఒక్కచోట తగాలోగు మనకంటె దగ్గరగా వచ్చినదని ఒప్పుకొనవలెను.

ఈ నెల గృహకూటములలో ముందుగా 1 యోహాను 1వ అధ్యాయమును తీసికొనుడి. మొదటి వచనములలో చూచినవారు, వినినవారు, తాకినవారు అపొస్తలులు. ఉత్తరము చదువువారు చూడలేదు. అక్కడ కమీ. ఆరవ వచనము మొదలుకొని పాపమును గూర్చి మాటలాడునప్పుడు ఆయన తన్ను వేరుగా ఉంచుకొనలేదు. అక్కడ తాయో. మధ్యలో మూడవ వచనమున సహవాసమను మాట యున్నది. మీ బైబిలులో దానికి ముందొకసారియు తరువాత ఒకసారియు ఏ మాట పడినదో గుర్తు పెట్టుకొనుడి. తరువాత ఎఫెసీయులకు 1:12-14 చదువుడి. 12లో ముందుగా క్రీస్తునందు నిరీక్షించినవారు ఒక గుంపు. 13లో "మీరును" అని పౌలు ఇంకొక గుంపును పిలుచుచున్నాడు. 14లో స్వాస్థ్యము ఎవరిదో చెప్పుచున్నాడు. కూటములో ఒకరు ఆ మూడు వచనములను బిగ్గరగా చదువుచు ప్రతి చోటను ఒకసారి "మేము" అనియు, ఒకసారి "మనము" అనియు మార్చి వినిపింపవలెను. 12లో "మేము" అని చదివి 14లో "మన" అని చదివినయెడల ఆ రెంటి మధ్య ఏమి జరిగినదని మీకు తోచుచున్నది?